నూట నలభై మూడో పేజీ

దయ్యాలనీ, పూనకాలనీ, గాలి సోకిందనీ జనం చెప్పుకునే వాటిని నేనెన్నడూ లెక్కచేయలేదు. ఇలాంటివి రాసే ప్రతివాళ్ళూ మొదట ఈ మాటే అంటారు కాబట్టి, నా రుజువు నేనిస్తాను. ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై మూడేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. అన్నేళ్ళలో పూనకమొచ్చి ఊగిన పిల్లలు ఏడుగురు. ఏడుగురినీ స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, పదమూడో ఎక్కం అప్పజెప్పమన్నాను. పదమూడు ఏడులు తొంభై ఒకటి దాటాక కూడా ఊగిన పిల్ల ఒక్కతీ లేదు.

తేదీలు రాసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. కింద ఇచ్చిన తేదీలన్నీ డైరీ చూసి రాస్తున్నవే. మనుషుల పేర్లు మాత్రం మార్చాను.

1994లో రిటైరయ్యాక తణుకులో మా వీధిలోనే ఆడవాళ్ళ కోసం ఒక పఠన మందిరం నడిపాను. రెండు గదులు, నాలుగు బీరువాలు. అందులో మంచి పుస్తకాలు చాలామటుకు ఒక ఐర్లండు సిస్టరుగారి చలవ. ఆవిడ మా వైపు ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళు నర్సుగా పనిచేసి, 1989లో స్వదేశం వెళ్ళిపోయారు. తెలుగు మనలాగే, అండీ అండీ అంటూ మాట్లాడేవారు. వెళ్ళినప్పటి నుంచీ ఏటా నాకొక అట్టపెట్టె పంపేవారు. ఆ ఏడు వాళ్ళ దేశంలో కొత్తగా వచ్చిన పుస్తకాల్లో మేము చదవదగ్గవని తనకి తోచినవి అందులో ఉండేవి. వాటితోపాటు టైపు చేసిన జాబితా ఒకటి. నవలలు, జానపద కథలు, చరిత్ర, స్వీయచరిత్రలు అని నాలుగు భాగాలు చేసి, ఏ పుస్తకం ఎందుకు చదవాలో రెండేసి ముక్కలు రాసేవారు.

1997లో పెట్టె జూన్ 12న అందింది. పదకొండు పుస్తకాలు. నవలలు నాలుగు, జానపదం మూడు, చరిత్ర రెండు, స్వీయచరిత్రలు రెండు. మొత్తం 2,914 పేజీలు.

నెలనెలా రెండో శనివారం మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగున్నర దాకా వాటిలోంచి ఒకటి తెలుగులో చదివి వినిపించేదాన్ని. అప్పటికప్పుడు నోటికొచ్చినట్టు చెప్పడం నాకు గిట్టదు. ముందే చదివి, పేజీ నంబరు వేసి, తెలుగు చేసి లాంగ్ నోటుబుక్కులో రాసుకునేదాన్ని. అది చూసే చదివేదాన్ని. నా సొంత మాట ఒక్కటి కలిపేదాన్ని కాదు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి అని వాళ్ళతో పదేపదే అనేదాన్ని కూడా.

వచ్చేవాళ్ళు ఎక్కువమంది రైతు కుటుంబాల ఆడవాళ్ళు. ఐర్లండు వాళ్ళకి పరాయి దేశంలా అనిపించలేదు. బంగాళదుంపల పంట కుళ్ళిపోయి జనం ఆకలికి చచ్చిన కరువు గురించి చదివినప్పుడు, అప్పుడు కూడా ఓడల్లో ధాన్యం బయటికి పోతూనే ఉందన్నాను. "మన లారీలు మాత్రం ఆగుతాయేంటండీ, ఎవరో చస్తున్నారని?" అంది ఒకావిడ. పెళ్ళికాకుండా కడుపొచ్చిన ఆడపిల్లల్ని మఠాల్లో పెట్టి ఏళ్ళ తరబడి ఊరి బట్టలు ఉతికించిన సంగతి ఒక స్వీయచరిత్రలో వచ్చింది.  మా తోడికోడలు రాజేశ్వరి, "తిండైతే పెట్టారుగా," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రాజేశ్వరి మా మరిది భార్య. ఒకే ఇంటిని రెండు వాటాలు చేసుకుని ఉండేవాళ్ళం. పెరడూ నుయ్యీ ఉమ్మడి. ఆవిడ కొడుకు ప్రసాదు పంచదార ఫ్యాక్టరీలో గుమాస్తా. కోడలు సత్యవేణిది సామర్లకోట. తల్లి లేని పిల్ల కావడంతో తొలి కాన్పైనా పురుడు అత్తగారింట్లోనే పోశారు. 1997 జూలై 21, సోమవారం, ఆడపిల్ల పుట్టింది.

నాలుగో రోజు నుంచి సత్యవేణి మాట్లాడటం మానేసింది. పిల్లని ఒళ్ళో పెడితే చేతులు కదిపేది కాదు. కళ్ళు తెరుచుకునే ఉండేవి, దేన్నీ చూసేవి కావు. పాలు మాత్రం పొంగి రవికె తడిసిపోయేది. డాక్టరుకి చూపించమని నేను రెండుసార్లు చెప్పాను, జూలై 29న ఒకసారి, ఆగస్టు 3న ఒకసారి. బాలింత నీరసమేలే అని రాజేశ్వరి కొట్టిపారేసింది. నేను మూడోసారి చెప్పలేదు.

ఆగస్టు 9 రెండో శనివారం. ఆ నెల ఒక జానపద కథల పుస్తకం చదువుదామనుకున్నాను. 212 పేజీలు. వాళ్ళ పల్లెటూళ్ళని తెలుసుకోవాలంటే ముందు ఇది చదవండి అని సిస్టరుగారు జాబితాలో దాని పక్కన రాశారు. గురువారం మధ్యాహ్నం కూర్చుని అందులోంచి ఒక కథ తెలుగు చేసుకున్నాను. నా నోటుబుక్కులో పైన ఆగస్టు 7 అనీ, దాని కింద "పేజీలు 143 నుంచి 149" అనీ ఉంది.

కథ ఇది. పడమటి సముద్రం ఒడ్డున ఒక పల్లె. నోరా అనే కోడలు బిడ్డని కన్నాక మాటా పలుకూ మానేసింది. ఇది మన నోరా కాదు, కొండ కింద ఉండే మాయజాతివాళ్ళు మన పిల్లని ఎత్తుకుపోయి ఆ రూపంలో తమ మనిషిని పెట్టిపోయారు అంది అత్తగారు. అక్కడ అలాంటి నమ్మకం ఉండేదట. వచ్చింది మారుమనిషో కాదో తేలాలంటే నూతి దగ్గరికి తీసుకెళ్ళి నీళ్ళు తోడమనాలి. మారుమనిషి చేతిలో తాడు నిలవదు. నోరా తాడు వదిలేసింది. అప్పుడు బిడ్డని ఆమెకి అందకుండా దాచి, తొమ్మిది రోజులు పొద్దున్నే నూతి దగ్గర నిలబెట్టి, నువ్వెవరని అడిగారు.

ఇక్కడికి నాలుగున్నరైంది. అయిదింటికి అదే గదిలో కుట్టు క్లాసు. గంట కొట్టి నోటుబుక్కు మూసేశాను. కథ ఇంకా ఒక పేజీ మిగిలే ఉంది. నోరా లాంటి ఆడవాళ్ళు జబ్బు మనుషులమ్మా, అంతే, అని ఒక్క ముక్క నా మాటగా చెప్పి ఉండాల్సింది. పుస్తకంలో లేని మాట చెప్పడం నా పద్ధతి కాదు. చెప్పలేదు.

"తొమ్మిదో రోజు ఏమైందక్కా?" అని రాజేశ్వరి అడిగింది.

"వచ్చే నెల," అన్నాను.

"అప్పటిదాకా ఆగాలా అయితే," అంది. నవ్వుకుంటూ అందరూ చెప్పులేసుకున్నారు. నోటుబుక్కు ఇంటికి తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ తాళంచెవి నా మెడలో ఉంటుంది.

మర్నాడు ఆదివారం. పురిటి ఇరవై ఒకటో రోజు. సత్యవేణి చేత నూతిలో చేద వేయించాలి. బాలింత తలంటు పోసుకుని, నూతికి పసుపు రాసి బొట్టు పెట్టి, తన చేత్తో నీళ్ళు తోడితేగానీ పురుడు ముగిసినట్టు కాదు. పేరంటాళ్ళు పదిహేడుమంది వచ్చారు. వాళ్ళలో తొమ్మిదిమంది ముందురోజు నా చదువు విన్నవాళ్ళే. ఉదయం తొమ్మిది నలభైకి తాడు సత్యవేణి చేతికిచ్చారు. బకెట్టు వెళ్ళి నీళ్ళని తాకింది. ఆమె వేళ్ళు విప్పింది. తాడు గిలక మీంచి జరజరా జారి బకెట్టు వెంటే నూతిలో పడిపోయింది.

పదిహేడుమందీ ఒక్కసారే నూతిలోకి తొంగి చూశారు. కాసేపటికి, నిన్న టీచరుగారు చదివిందేగా ఇది అని ఎవరో మెల్లిగా అన్నారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ క్షణాన నాకు భయం వేయలేదు. నా చదువు వీళ్ళకి ఇంత గుర్తుందే అని ముచ్చట వేసింది. తడి తాడు ఎవరికైనా జారుతుందని అన్నాను, కానీ ఆ తరవాతే అన్నాను.

రాజేశ్వరి పిల్లని తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

ఆగస్టు 11, సోమవారం, ఉదయం ఏడింటికి మొదలైంది. కొత్త తాడు కొస చేతిలో పెట్టి సత్యవేణిని నూతి చప్టా మీద నిలబెట్టారు. నువ్వెవరని రాజేశ్వరి అడుగుతుంది. ఆమె పలకదు. పది దాకా అంతే. కూర్చోనివ్వరు. లోపల పిల్ల ఏడుస్తుంది. ఏడ్చినప్పుడల్లా సత్యవేణి రవికె తడుస్తుంది. పిల్లకి డబ్బా పాలు ఉగ్గుగిన్నెతో పోసేవారు. పది దాటాక సత్యవేణికి కారప్పొడి కలిపిన అన్నం, అదీ ఒక్కపూటే. మూడో రోజుకి వీధిలో ఆడవాళ్ళు చాటల్లో చిక్కుడుకాయలు పెట్టుకుని వచ్చి, ఈనెలు తీసుకుంటూ చూడటం మొదలుపెట్టారు. "మా కోడలైతే పేరడిగితే చాలు, వాళ్ళ పుట్టింటి పొలాల సర్వే నంబర్లతో సహా అప్పజెబుతుంది," అని ఒకావిడ అంది. ఆ నవ్వులు మా వాటా దాకా వినిపించాయి.

అయిదో రోజు శ్రావణ శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. ఆ రోజు కూడా ఆపలేదు. ముందు నుయ్యి, తరవాత వ్రతం.

రెండో రోజే నేను వెళ్ళి అడిగాను. ఇదేం పని, అది కథ అన్నాను.

"అచ్చులో ఉన్నది ఉన్నట్టు అన్నది మీరేగా అక్కా," అంది రాజేశ్వరి. "నేను కొత్తగా ఏం చేశాను? మీరు చదివిందే చేస్తున్నా. తొమ్మిదో రోజుకి తేలిపోతుంది. మన పిల్ల మనకొచ్చేస్తుంది."

కోపంగా అనలేదు, ఆశగా అంది. కోడలు తిరిగొస్తుందని నిజంగానే నమ్ముతోంది. కథ చివర నోరా తిరిగి రాదని నాకు తెలుసు. ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు. అయినా నేను చెప్పలేదు. చెబితే దాన్ని కూడా శాసనంలా పట్టుకుంటుందని భయపడ్డానని ఇన్నేళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను.

నాలుగో రోజు ప్రసాదు డ్యూటీకి వెళ్తుంటే గుమ్మంలో ఆపాను. ఆ పిల్లని కాకినాడ తీసుకెళ్ళి చూపించరా అన్నాను. "అమ్మకి నేనేం చెప్పగలను దొడ్డమ్మా? చదివింది మీరంటగా," అని స్కూటరు స్టార్టు చేశాడు.

ఆగస్టు 19, మంగళవారం, తొమ్మిదో రోజు. ఏడూ ఇరవైకి సత్యవేణి నోరు విప్పింది. మాట మానేసిన ఇరవై ఆరు రోజులకి. నేను నా వాటా వసారాలో ఉన్నాను, ప్రతి అక్షరం వినిపించింది. గొంతు బొంగురుపోలేదు, వణకలేదు. పరాయింటికి వచ్చిన మనిషి మాట్లాడినట్టు మర్యాదగా ఉంది.

"మీరన్నది నిజమేనండి. నేను ఆవిడని కాను. ఆవిడ ఇంక రాదు."

నేను లోపలికి వెళ్ళి బీరువా తాళం తీశాను. నోటుబుక్కులో ఆ కథ చివరి పేజీ, శనివారం నేను చదవకుండా ఆపేసిన పేజీ. తొమ్మిదో రోజు నోరా అన్న మాట నేను తెలుగు చేసి రాసుకున్నది ఇలా ఉంది: మీరన్నది నిజమేనండి. నేను ఆవిడని కాను. ఆవిడ ఇంక రాదు. అండీతో సహా.

పెరట్లో రాజేశ్వరి చప్టా మీద కూలబడి ఏడ్చింది. తరవాత లేచి, తొమ్మిది రోజులు నువ్వు అని నిలదీసిన మనిషికి చేతులు జోడించి, "అయితే మీరు వెళ్ళిపోండమ్మా," అంది.

మధ్యాహ్నం సత్యవేణి అన్న వచ్చి తీసుకెళ్ళాడు. ఆమె వెంట ఒక చేతిసంచీ. పిల్లని ఇవ్వలేదు. ఆమె అడగలేదు. రవికె అప్పుడు కూడా తడిగానే ఉంది, పైట సర్దుకుని రిక్షా ఎక్కింది. పెద్దల్లో కూర్చుని విడాకుల కాగితాలు రాయించుకున్నారు. మరుసటేడు మే నెలలో ప్రసాదుకి మళ్ళీ పెళ్ళయింది.

సత్యవేణి వెళ్ళిన మర్నాడు పుస్తకం తీశాను. నూట నలభై మూడో పేజీలో వెన్న చిలకడం గురించి ఉంది. పొరుగువాళ్ళ దిష్టి తగిలి వెన్న పడకపోతే కవ్వానికి ఏం చేయాలో అక్కడివాళ్ళ పద్ధతులు. నూట నలభై తొమ్మిది దాకా వెన్నే. పుస్తకమంతా మూడుసార్లు చదివాను. మారుమనుషుల గురించి వేరే చోట ఒక అధ్యాయం ఉంది. అందులో నోరా లేదు, నుయ్యి లేదు, తొమ్మిది రోజులు లేవు. ఊడిన కాగితం గానీ చిరిగిన కాగితం గానీ లేదు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మా మేనకోడలి చేత కూడా వెతికించాను. వేరే పుస్తకంలో చదివి ఇందులోది అనుకున్నానేమో అని మిగతా పదీ మొదటి నుంచి చదివాను. ముప్ఫై మూడు రోజులు పట్టింది. 2,914 పేజీల్లో ఎక్కడా ఆ కథ లేదు. నా నోటుబుక్కులో మాత్రం నా దస్తూరీతో అయిదు పేజీలు ఉంది.

సెప్టెంబరు 22న సిస్టరుగారికి ఉత్తరం రాశాను. పైకి చదివినంతవరకే కథ రాసి, ఇది ఎక్కడిదని అడిగాను. సత్యవేణి సంగతి రాయలేదు. రాయడానికి ముఖం చెల్లలేదు.

నవంబరు 6న జవాబొచ్చింది. ఆ కథ తనకి తెలిసి ఏ పుస్తకంలోనూ రాలేదట. అది వాళ్ళ ఇంట్లో జరిగిన సంగతట. నోరా కన్న బిడ్డే సిస్టరుగారి అమ్మమ్మ. ఇంట్లోవాళ్ళు బయటికి పొక్కనివ్వలేదనీ, తల్లి పోయేముందు తనొక్కదానికే చెప్పిందనీ, తను ఇండియాలో గానీ అక్కడ గానీ ఏ ప్రాణికీ చెప్పలేదనీ రాశారు. మీకెవరు చెప్పారని అడిగారు. ఆవిడ ఇక్కడున్నప్పుడు నేను కలిసింది మూడుసార్లు, మూడుసార్లూ పుస్తకాల కోసమే. ఉత్తరం చివర ఇంకొకటి అడిగారు. తొమ్మిదో రోజు నోరా ఏదో అందనీ, అది విని ఆమెని పంపేశారనీ మాత్రం వాళ్ళకి తెలుసు. ఏమందో చెప్పడానికి ఎవరూ మిగల్లేదట. మీ దగ్గరుంటే దయచేసి రాయండి అన్నారు.

ఆ మూడు వాక్యాలూ ఇంగ్లీషు చేసి పంపాను. దానికి జవాబు రాలేదు. మరుసటి ఏడు జూన్‌లో పెట్టె కూడా రాలేదు. డిసెంబరులో పఠన మందిరం మూసేశాను.

సత్యవేణికి కాకినాడ డాక్టరు ఏడు నెలలు మందులిచ్చాడు. పురిటి తరవాత కొందరికి వచ్చే జబ్బేననీ, మొదట్లోనే తీసుకొస్తే ఇంత దాకా వచ్చేది కాదనీ అన్నాడట. మాట వచ్చింది, మనిషి తేరుకుంది. ఇక్కడ పిల్ల మాత్రం ప్రసాదు రెండో భార్యనే అమ్మా అంటూ పెరిగింది. కన్నతల్లి ఉందన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. 2006కి నాకు డెబ్బై నిండాయి. పోయేలోపు ఆ తల్లినీ బిడ్డనీ ఒక్కసారి ఎదురెదురుగా కూర్చోబెట్టాలనుకున్నాను. ఆ తరవాత ఎవరు నన్ను ఏమన్నా పడదామనుకున్నాను.

మే 14, ఆదివారం. భీమేశ్వరుడి దర్శనం అని ఇంట్లో అబద్ధం చెప్పి, పిల్లని రైల్లో సామర్లకోట తీసుకెళ్ళాను. దాని పేరు లలిత అనుకోండి. ఆ రోజుకి ఎనిమిదేళ్ళ తొమ్మిది నెలల ఇరవై మూడు రోజులు.

సత్యవేణి అన్నగారింట్లో మిషను కుడుతోంది. ఒళ్ళు చేసింది, కళ్ళలో కళ ఉంది. "ఇంత ఎండన పడి వచ్చారేంటండీ పెద్దత్తయ్యగారూ," అని మజ్జిగ తెచ్చింది. మా వాళ్ళందరినీ పేరుపేరునా అడిగింది. లలితకి బిస్కెట్లు పెట్టి ఏ క్లాసని అడిగింది, జడ బాగుందంది. ఆమె వదినగారు నన్ను పక్కకి పిలిచి, ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదండి, ఇంటి పనీ బజారు పనీ అంతా తనే చూసుకుంటుందని చెప్పింది. పిల్లని వాళ్ళ పిల్లలతో బయటికి పంపి, నేను సత్యవేణి ఎదురుగా కూర్చుని చెప్పాను. అది నీ కూతురమ్మా అన్నాను.

ఆమె కత్తెర కింద పెట్టింది.

"కాదండి. అది ఆ అమ్మాయి కూతురు."

ఏ అమ్మాయి అన్నాను.

"నూతి దగ్గర నిలబెట్టారే, ఆ అమ్మాయి. పాపం, పాలతో రవికంతా తడిసిపోయేది. మీరు వంటింటి కిటికీ దగ్గర కాఫీ గ్లాసు పట్టుకుని చూస్తుండేవారు. వ్రతం రోజు ఒకసారి తలుపు తీసుకుని మెట్టు దిగారు. ఒక్క మెట్టే. మళ్ళీ లోపలికెళ్ళిపోయారు. మీ వాటా ఆ అమ్మాయికి వీపు వైపు కదండీ, చూళ్ళేదు. నేను చూశాను."

ఇంత మర్యాదగా నన్ను ఎవరూ తిట్టలేదు. ఆమె తిడుతున్నట్టు లేదు కూడా. జరిగింది చెప్పినట్టే చెప్పి, మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆ మెట్టు సంగతి నా డైరీలో లేదు. రాసుకోవడానికి సిగ్గేసింది. ఆ శుక్రవారం ఎనిమిదిన్నరప్పుడు మిగతావాళ్ళంతా కలశం పెట్టడానికి లోపలికెళ్ళారు. పెరట్లో సత్యవేణి ఒక్కతే, తూర్పుకి తిరిగి ఉంది. మా తలుపు పడమటి వైపు. ఆమె తల తిప్పలేదు. ఆ పిల్లని లోపలికి తెచ్చుకుందామని దిగాను. రాజేశ్వరి ఏమంటుందో అని ఆగాను. చూసినవాళ్ళు లేరు. నేనెవరికీ చెప్పలేదు.

డాక్టరు చెప్పిన జబ్బు నేను నమ్ముతాను. మనసు బాధ పట్టలేక తనని తాను పక్కన పెట్టుకుంటుందని కూడా ఎక్కడో చదివాను, అదీ నమ్ముతాను. పేజీ విషయంలో నా బుర్రే నన్ను మోసం చేసిందంటే సరే అంటాను. కానీ సిస్టరుగారి ఉత్తరం నా బీరువాలో ఉంది. నూతి దగ్గర నిలబడ్డ మనిషి వీపు వెనక నుంచి నన్ను చూసినవాళ్ళు ఎవరో నాకు తెలియదు.

తిరుగు రైల్లో లలిత కిటికీ పక్కన కూర్చుంది. రాజమండ్రి బ్రిడ్జి దాటేదాకా గోదావరినే చూసింది. తరవాత నా వైపు తిరిగి, "ఆవిడ మనకేమవుతారు పెద్ద మామ్మా?" అని అడిగింది.

"తెలీదమ్మా," అన్నాను.

పిల్లని తప్పించడానికి అలా అన్నానో, ఉన్నమాటే అన్నానో, ఏడాది దాటినా తేల్చుకోలేకపోతున్నాను.